ప్రూఫ్ సెట్టు అమ్మబోతే తూకం ధరే చెప్పారు: మోసం ఎక్కడ జరిగింది?

ఖాళీజేబు
నమస్కారం. ఇక్కడ మూడేళ్లుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

తొమ్మిదేళ్ల కిందట ఒక బంగారు నాణేల సెట్టు కొన్నాను. ఒక ఔన్సు, అర ఔన్సు, పావు ఔన్సు, పదో వంతు ఔన్సు, మొత్తం నాలుగు నాణేలు. అన్నీ 24 కారట్లవి, ప్రూఫ్ ముద్రణ, అంటే సేకరణకర్తల కోసం అద్దంలా మెరిసేలా ముద్రించినవి. నేరేడు రంగు చెక్కపెట్టె, లోపల మఖమలు గుంటలు, వరుస సంఖ్య వేసిన ధ్రువపత్రం. ఆ రోజు బంగారం ధర కన్నా దాదాపు 40 శాతం ఎక్కువ పెట్టి కొన్నాను. "పరిమిత సంఖ్యలోనే ముద్రించారు, ఏటేటా విలువ పెరుగుతుంది" అన్న మాట నమ్మాను.

పోయిన వారం అమ్మడానికి ఒక వర్తకుడి దగ్గరకు వెళ్లాను. ఆయన పెట్టె మూత తీశాడు, ధ్రువపత్రాన్ని తిప్పి కూడా చూడకుండా పక్కన పెట్టాడు. నాలుగు నాణేల అంకెలూ కూడి 1.85 ఔన్సులని కాగితం మీద రాసుకుని, దాన్ని ఔన్సుకు 31.1 గ్రాముల లెక్కన హెచ్చించి, 57.5 గ్రాములని తేల్చాడు. ఆ పూట లోహం ధరలో 2 శాతం తగ్గించి చెప్పాడు. "పెట్టె మీరే ఉంచుకోండి, ఇంట్లో దేనికైనా పనికొస్తుంది" అన్నాడు. అన్నిటికన్నా ఆ మాటే గుచ్చుకుంది.

ఈ తొమ్మిదేళ్లలో బంగారం పెరిగింది కాబట్టి చేతి నుంచి పోయిందేమీ లేదు. అయినా ఆ 40 శాతం ఏమైందో అర్థం కావడం లేదు. నన్ను ఇప్పుడు మోసం చేస్తున్నారా, అప్పుడే చేశారా?

తక్కెడ
ఇప్పుడు కాదు. 2 శాతం తగ్గింపు అన్యాయమేమీ కాదు, నాకు ఇంతకన్నా హీనంగా చెప్పినవాళ్లున్నారు.

అప్పుడు కూడా దాన్ని మోసం అనలేం. మీరు రెండు వస్తువులు కొన్నారు: 57.5 గ్రాముల బంగారం ఒకటి, పెట్టె, మెరుపు, వరుస సంఖ్య కలిసినది ఇంకొకటి. మొదటిదాన్ని ఎవరైనా కొంటారు. రెండోదాన్ని కొనేవాడు వేరే ఉంటాడు, వాడు వీధిలో తగలడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఈ రెండో వస్తువు కోసమే పుట్టినట్టుంటుంది.

నేను ఏ నాణెం కొన్నా ముందు ఒకే ప్రశ్న అడుగుతాను. "ఇదే నాణేన్ని ఈ సాయంత్రమే తిరిగి ఇస్తే ఎంతకు తీసుకుంటారు?" జవాబు సూటిగా రాకపోతే బయటకు వచ్చేస్తాను. చాలామంది స్పాట్ ధర (ఆ పూట లోహం ధర) మీద ప్రీమియం, అంటే అదనంగా తీసుకునేది, ఎంత అని మాత్రమే చూస్తారు. చూడవలసింది కొన్న ధరకూ తిరిగి ఇచ్చే ధరకూ మధ్య ఉన్న తేడా. ప్రీమియం 5 శాతం ఉన్నా అందులో 3 తిరిగి వస్తే మంచిదే. 4 ఉండి ఒక్కటీ తిరిగి రాకపోతే అది ఖరీదైన నాణెం.

ఇంకొకటి: చిన్న నాణేలు అందంగా ఉంటాయి, చేతికి అందుబాటులో ఉంటాయి, కానీ పదో వంతు ఔన్సు నాణెం ముద్రించడానికి టంకశాలకు అయ్యే శ్రమ ఒక ఔన్సు నాణేనికి అయ్యేదాంట్లో పదో వంతు కాదు, దాదాపు అంతే. ఆ ఖర్చు పదో వంతు లోహం మీద పడుతుంది.

పాతపెట్టె
తక్కెడ గారి మాటలు వింటే లోకంలో నాణేలన్నీ కరిగించడానికే పుట్టాయనిపిస్తుంది.

ఖాళీజేబు గారూ, మీరు వెళ్లిన చోటే తప్పు. పాత పుస్తకాన్ని చిత్తుకాగితాల వాడికి చూపించి, కిలోకు ఇంతే ఇచ్చాడని బాధపడితే ఎలా? ప్రూఫ్ సెట్టును సేకరణకర్తలు వచ్చే వేలంలో పెట్టాలి. 40 శాతం వస్తుందని చెప్పను, రాదు. కానీ తూకం ధర కన్నా కొంత పైనే వస్తుంది. మీ సెట్టు ఏ దేశానిదో, ఏ సంవత్సరానిదో నాకు విడిగా సందేశం పంపండి.

సేకరణ అంటే ఏమిటో ఒక ఉదాహరణ చెబుతాను. బ్రిటిష్ సావరిన్ 7.988 గ్రాముల నాణెం, 22 కారట్లు, అందులో 7.32 గ్రాముల బంగారం. 1817లో శిల్పి పిస్ట్రూచి గీసిన సెయింట్ జార్జ్ గుర్రం మీద కూర్చుని మృగాన్ని పొడుస్తూ ఇప్పటికీ అలాగే ఉన్నాడు. దాన్ని లండన్‌లోనే కాదు, సిడ్నీ, మెల్‌బోర్న్, పెర్త్, ఒట్టావా, ప్రిటోరియా, 1918లో ఒక్క ఏడాది బొంబాయి టంకశాలల్లోనూ ముద్రించారు. ఇరవయ్యో శతాబ్దపు నాణేల్లో ఏది ఎక్కడిదో తెలియాలంటే గుర్రం డెక్కల కింద నేల మీద, సంవత్సరానికి పైన, భూతద్దం పెట్టి చూడాలి. ఆవగింజలో సగమంత అక్షరం కనబడుతుంది: పెర్త్‌కు పి, బొంబాయికి ఐ. అక్షరమే లేకపోతే లండన్. 1917 నాటి పెర్త్, సిడ్నీ సావరిన్లు మామూలుగా దొరుకుతాయి. అదే 1917లో అక్షరం లేనిది, అంటే లండన్‌ది, మహా అరుదు. లోహం అంతే, బొమ్మ అదే, సంవత్సరమూ అదే. ఉన్న తేడా అంతా ఒక అక్షరం లేకపోవడంలో ఉంది.

తక్కెడ
ఆ అక్షరాన్ని గీకేసి 1917 లండన్‌ది అని అంటగట్టేవాళ్లు ఉన్నారని కూడా చెప్పండి.

పాతపెట్టె
ఉన్నారు. అందుకే భూతద్దం అన్నాను.

మేలిమి
మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నేను ఇంకా మొదటి నాణెమే కొనలేదు. దక్షిణాఫ్రికా నాణెం క్రూగరాండ్ 22 కారట్లది, కెనడా నాణెం మేపుల్ లీఫ్ 24 కారట్లది అని చదివాను. అలాంటప్పుడు క్రూగరాండ్‌లో బంగారం తక్కువ ఉన్నట్టే కదా? మరి రెండింటి ధరా ఇంచుమించు ఒకేలా ఎందుకుంది?

గీటురాయి
తక్కువ లేదు. ఇక్కడ దాదాపు అందరూ ఒకసారి తడబడతారు, నేనూ తడబడ్డాను.

క్రూగరాండ్ మొత్తం బరువు 33.93 గ్రాములు. అందులో బంగారం 31.1 గ్రాములు, అంటే పూర్తి ట్రాయ్ ఔన్సు (బంగారం తూచే ఔన్సు). మిగతా 2.8 గ్రాముల పైచిలుకు రాగి. మేపుల్ లీఫ్ మొత్తం బరువే 31.1. రాగిని బంగారంలోంచి తగ్గించి కలపలేదు, బంగారానికి అదనంగా చేర్చారు. అందుకే ఆ నాణెం కొంచెం ఎరుపు తిరిగి ఉంటుంది. అమెరికన్ ఈగిల్ కూడా 22 కారట్లే, కానీ దాంట్లో రాగితో పాటు 3 శాతం వెండి ఉండడంతో పసుపు ఛాయ నిలుస్తుంది. రెండూ పక్కపక్కన పెడితే చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు.

రాగి వల్ల లాభం గట్టితనం. మేలిమి బంగారం మెత్తన. పాత మేపుల్ లీఫ్ నాణేల్లో రాణి బొమ్మ ఉన్న వైపు నున్నటి ఖాళీ ఎక్కువ, గోరు తగిలినా గీత పడిందేమోనని భయం వేస్తుంది. క్రూగరాండ్‌ను జేబులో చిల్లరతో వేసుకుని తిరగకూడదు గానీ, తిరిగినా అంత పాడవదు.

పరిమాణం చూసి కూడా మోసపోవద్దు. ఆస్ట్రియా నాణెం వియన్నా ఫిల్‌హార్మోనిక్ 37 మిల్లీమీటర్ల వెడల్పు, క్రూగరాండ్ 33కు కాస్త తక్కువ. మొదటిది పెద్దగా కనిపిస్తుంది, కానీ పలచన. లోపలి బంగారం రెండింట్లోనూ ఒక్క ఔన్సే.

అంచుగీతలు
మేలిమి గారూ, మొదటి నాణేనికి ఇంత ఆలోచన అక్కరలేదు. మీరు ఉన్న చోట ఎక్కువమంది గుర్తుపట్టే నాణెం తీసుకోండి. అమ్మే రోజున అవతలివాడు "ఇదేమిటి?" అని అడగకపోవడమే సగం విలువ.

అయితే ఆ గుర్తింపు కూడా శాశ్వతం కాదు. 1967లో క్రూగరాండ్ వచ్చింది. సామాన్యుడు సరిగ్గా ఒక ఔన్సు బంగారం కొనుక్కోవడానికే చేసిన నాణేల్లో అదే మొదటిది. ముఖ విలువ కూడా వేయలేదు, ఆ రోజు బంగారం ఎంతైతే అదే దాని విలువ. పన్నెండేళ్ల పాటు దానికి ఎదురులేదు. 1979లో కెనడా మేపుల్ లీఫ్ తెచ్చింది, 1982లో చైనా పాండా. 1985లో వర్ణవివక్షకు నిరసనగా అమెరికా క్రూగరాండ్ దిగుమతిని నిషేధించింది, మరుసటి ఏడాదే సొంత ఈగిల్‌ను దించింది. 1987లో బ్రిటన్ బ్రిటానియా, 1989లో ఫిల్‌హార్మోనిక్. నిషేధం 1991లో పోయింది గానీ ఆ లోపల అందరూ తలా ఒక ముక్క పంచుకున్నారు. లోహం ఒక్క గ్రాము తగ్గలేదు. రాజకీయం మారితే నాణెం మీది బొమ్మే బరువైపోతుంది.

ముఖ విలువ మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. 1986లో జపాన్ చక్రవర్తి హిరోహితో పాలనకు 60 ఏళ్లు నిండాయని లక్ష యెన్‌ల బంగారు నాణెం తెచ్చారు. అందులో ఉన్నది 20 గ్రాముల బంగారం, దాని విలువ ముఖ విలువలో సగం దాకా మాత్రమే. దొంగలు ఏం చేశారో ఊహించండి. ఇత్తడితో కాదు, అసలు బంగారంతోనే నకిలీలు చేశారు! 1990లో బయటపడేసరికి లక్షకు పైగా నాణేలు. తూకం సరిపోయింది, వన్నె సరిపోయింది, గీటు పెట్టినా నిలిచింది. నకిలీ అని పట్టుకోవడానికి ఇంకేం మిగిలింది చెప్పండి?

మేలిమి
ఇది చదివాక నాకు నిద్ర పట్టేలా లేదు. బంగారంతో చేసిన నకిలీ అయితే నాకు నష్టం లేదు గానీ, లోపల వేరే లోహం పెట్టి పైన పూత వేసినదాన్ని ఇంట్లో కనుక్కోవడం ఎలా? నాణేన్ని గీకడం నాకు ఇష్టం లేదు.

గీటురాయి
గీకవద్దు. ఆమ్లం చుక్క కూడా వేయవద్దు. నీళ్ల గ్లాసు చాలు.

గ్రాములో నూరో వంతు చూపించే చిన్న డిజిటల్ తూనిక కావాలి. ముందు పొడి నాణెం తూచి రాసుకోండి. తర్వాత గ్లాసులో సగానికి పైగా నీళ్లు పోసి, తూనిక మీద పెట్టి, సున్నా చేయండి. సన్నని నైలాను దారానికి ముడివేసిన నాణేన్ని మెల్లగా నీళ్లలోకి దించండి. పూర్తిగా మునగాలి, కానీ అడుగుకు గానీ గోడకు గానీ తగలకూడదు. అంచు గాడుల్లో చిన్న గాలి బుడగలు పట్టుకుంటాయి, దారాన్ని కాస్త కదిపితే పోతాయి. చెయ్యి వణకకుండా మోచేతిని బల్ల మీద ఆనించండి. ఇప్పుడు తూనిక మీద కనబడే అంకె, నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు.

24 కారట్ల ఒక ఔన్సు నాణేనికి అది 1.61 గ్రాములు. క్రూగరాండ్‌కు 1.93 దగ్గర. లోపల సీసం పెట్టి అదే బరువు తెచ్చి ఉంటే 2.7 దాటుతుంది. బంగారం అంత బరువైన లోహాలు చాలా తక్కువ, మోసగాడికి ఉన్న ఇబ్బంది అదే. బరువు సరిపెడితే నాణెం లావెక్కుతుంది, లావు సరిపెడితే బరువు తగ్గుతుంది.

ఒక్క టంగ్‌స్టన్‌కు మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. దాని సాంద్రత 19.25, బంగారానిది 19.3. మీ తూనికకు ఆ తేడా అందదు. అయితే టంగ్‌స్టన్ మహా గట్టిది, పెళుసు, దాని మీద ముద్ర వేయలేరు. లోపల బిళ్లగా దాచి పైన బంగారం తొడగాలి. అందుకే ఆ మోసం పెద్ద కడ్డీల్లో సులువు, పలచని నాణేల్లో కష్టం. అది విద్యుత్తును బంగారం కన్నా సగానికి తక్కువగా ప్రసారం చేస్తుంది, వర్తకుల దగ్గరుండే పరికరాలు పట్టుకునేది ఈ తేడానే. క్యాప్సూల్ (నాణెం ఉండే ప్లాస్టిక్ డిబ్బీ) తెరవకుండానే చూడవచ్చు. కాకపోతే 22 కారట్ల మిశ్రమం ప్రసారం మేలిమి బంగారానికి చాలా దూరం, పరికరాన్ని సరైన నాణేనికి పెట్టకపోతే అసలైన క్రూగరాండ్‌ను కూడా దొంగదంటుంది. నేను ఒకసారి అలా అరగంట చెమటలు పట్టించుకున్నాను.

వేగుచుక్క
ఈ లెక్కలన్నీ ఎందుకు? బంగారం రెండింతలు కాబోతోంది. ఏ నాణెమైనా, ఏ ధరకైనా, ఈ నెలలోనే కొనేయండి. అప్పు చేసైనా సరే.

తక్కెడ
1980 జనవరిలో కూడా మీలాంటివాళ్లు ఉండి ఉంటారు. ఆ నెలలో తాకిన డాలరు ధరను బంగారం మళ్లీ దాటింది 2008 జనవరిలో. మధ్యలో 28 ఏళ్లు. ద్రవ్యోల్బణం లెక్క తీస్తే ఇంకా బాధ. నేను బంగారం కొంటాను, ఇష్టంగానే కొంటాను. అప్పు చేసి కొనను. నాణెం వడ్డీ ఇవ్వదు, అప్పు మాత్రం అడుగుతుంది.

నిర్వాహకుడు
ధర జోస్యాలకు వేరే చర్చ ఉంది, అక్కడికి వెళ్లండి. అప్పు చేసి కొనమని చెప్పే తరువాతి రెండు సందేశాలను తొలగించాను.

మేలిమి
ఒక్క ప్రశ్న, ఆపైన వెళ్లిపోతాను. ఒకరు నాకు ప్లాస్టిక్ పలకలో బిగించిన 70 గ్రేడు నాణెం చూపిస్తున్నారు. "తొలి ముద్ర" అని చీటీ కూడా ఉంది. పైగా, ప్రభుత్వాలు బంగారం స్వాధీనం చేసుకున్నా సేకరణ నాణేల జోలికి రావని అంటున్నారు. మామూలు నాణెం కన్నా ధర చాలా ఎక్కువ.

తక్కెడ
మూడు మాటల్లో ఒకటి సగం నిజం.

70 అంటే భూతద్దానికి దోషం కనబడనిది. 1 నుంచి 70 దాకా ఉండే ఆ కొలమానం పాత నాణేల అరుగుదల చూడడానికి పుట్టింది. నిన్న టంకశాల నుంచి వచ్చి, ఎవరి చేతా పడని నాణేల్లో 70లు కొల్లలు. "తొలి ముద్ర" చీటీకి, అచ్చు మీద పడిన మొదటి నాణేలకు సంబంధం లేదు. విడుదలైన మొదటి నెల రోజుల్లో వచ్చి చేరినదని అర్థం, అంతే.

స్వాధీనం సంగతి: 1933లో అమెరికాలో పౌరుల బంగారం అప్పగించమన్న ఉత్తర్వు నిజం. అరుదైన నాణేలకు మినహాయింపు ఇచ్చిందీ నిజం. మరుసటి ఏడాది ఔన్సు అధికారిక ధరను 20.67 డాలర్ల నుంచి 35కు పెంచారు, మామూలు పౌరులు మళ్లీ స్వేచ్ఛగా బంగారం ఉంచుకోవడానికి 1974 చివరి దాకా ఆగవలసి వచ్చింది. కానీ ఆ మినహాయింపు అప్పటి అరుదైన నాణేలది. పోయిన నెల లక్షల్లో ముద్రించి పలకలో బిగించిన దానికి రేపు ఎవరో మినహాయింపు ఇస్తారని ఈ రోజే రుసుము కట్టడం నాకు తెలిసిన బీమాల్లోకెల్లా విచిత్రమైనది.

పాతపెట్టె
ఈ విషయంలో తక్కెడ గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, తేదీ రాసి పెట్టుకోండి. పాత, అరుదైన నాణేలకు గ్రేడింగ్ అవసరం. కొత్త బులియన్‌కు, అంటే లోహం కోసమే కొనే మామూలు నాణేలకు, అది ముస్తాబు. పలకల్లోనూ నకిలీలున్నాయి, అసలు పలకల మీది సంఖ్యలనే దొంగిలించి వేస్తారు. సంఖ్యతో పాటు గ్రేడింగ్ సంస్థ దగ్గర ఉన్న ఫొటోను కూడా పోల్చి చూడండి.

కొత్త నాణేల్లో సేకరణ విలువ కావాలంటే పాండా చూడండి. ఏటా బొమ్మ మారుతుంది. 2002లో మార్చకుండా 2001 బొమ్మనే ఉంచితే సేకరణకర్తలు గోల పెట్టారు, 2003 నుంచి మళ్లీ మార్చడం మొదలుపెట్టారు.

ఖాళీజేబు
గీటురాయి గారి పరీక్ష చదివాక ఆగలేకపోయాను. తూనిక తెప్పించాను. ముందుగా చిన్నది, పదో వంతు ఔన్సుది చేశాను. పొడిగా 3.11 గ్రాములు, నీళ్లలో 0.16. సరిపోయింది! ఇప్పుడు మిగతా మూడూ తీయబోతున్నాను.

పాతపెట్టె
తీయకండి! దయచేసి ఆ మూడు క్యాప్సూళ్లు తెరవకండి. అద్దంలా మెరిసే ప్రూఫ్ నాణెం అది. దారం రాసుకున్నా గీత, ఊపిరి తుంపర పడినా మరక. ఆ పరీక్ష బులియన్‌కు, మీ నాణేలకు కాదు.

గీటురాయి
తప్పు నాది. ప్రూఫ్ నాణేలకు చేయవద్దని అక్కడే రాసి ఉండవలసింది.

ఖాళీజేబు
మిగతావి తెరవలేదు. కానీ చిన్నదాన్ని తుడిచేటప్పుడు బొటనవేలి ముద్ర పడింది. దీపం కింద వంచి చూస్తే సంవత్సరం పక్కన చుట్టలు చుట్టలుగా కనబడుతోంది. మెత్తటి గుడ్డతో రుద్దితే పోతుందా?

పాతపెట్టె
రుద్దితే ముద్ర పోతుంది, దాంతో పాటు అద్దమూ పోతుంది. స్వచ్ఛమైన అసిటోన్ తెచ్చుకోండి, గోళ్ల రంగు తుడిచే రంగునీళ్లు కాదు. గాజు గిన్నెలో పోసి, కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని, నాణేన్ని అంచులు పట్టుకుని ముంచి కొద్ది నిమిషాలు వదిలేయండి. బయటికి తీశాక దానంతటదే ఆరనివ్వండి. కొత్త జిడ్డు అయితే కరుగుతుంది. వారాలు దాటితే అక్కడే ఉండిపోతుంది.

అంచుగీతలు
ఇంకోమాట, పాత నాణేలను మెత్తటి పీవీసీ సంచుల్లో పెట్టినవాళ్లు ఒకసారి తీసి చూసుకోండి. ఏళ్ల తరబడి ఉంటే ప్లాస్టిక్ నుంచి పచ్చటి జిగురు దిగుతుంది. మేలిమి బంగారం మీద ఎర్రటి చుక్కలు కనబడితే మాత్రం కంగారు పడకండి, ముద్రణలో వేరే లోహపు రేణువు అంటుకుని రంగు మారినవి అవి. తూకానికి ఢోకా లేదు, మనసుకే.

ఖాళీజేబు
రెండు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను. అసిటోన్‌తో ముద్ర చాలావరకు పోయింది, రెండు గీతలు మిగిలాయి. పాతపెట్టె గారు చెప్పిన వేలం గురించి విచారించాను. వాళ్ల రుసుము, పంపే ఖర్చు, బీమా తీసేస్తే, వేలిముద్ర పడిన సెట్టుకు మిగిలేది తూకం ధర కన్నా కాస్త ఎక్కువ. దాని కోసం మూడు నెలలు ఆగాలి.

అదే వర్తకుడి దగ్గరకు మళ్లీ వెళ్లాను. దాచకుండా ముద్ర చూపించాను. "తూకంలో తేడా రాలేదు కదా" అన్నాడు. ఆయన తీరు మొదటిసారి నచ్చింది. పెద్దవి మూడూ ఇచ్చేశాను. ముద్ర పడిన చిన్నదాన్ని మాత్రం ఉంచుకున్నాను. వచ్చిన డబ్బులో కొంత పెట్టి ఒక మామూలు క్రూగరాండ్ కొన్నాను, తక్కెడ గారి ప్రశ్న అడిగి మరీ. జవాబు సూటిగానే వచ్చింది. చెక్కపెట్టెలో ఇప్పుడు మూడు గుంటలు ఖాళీ, క్రూగరాండ్ వాటిలో దేంట్లోనూ సరిగ్గా ఇమడడం లేదు.

పాతపెట్టె
ఆ పెట్టె అమ్ముతారా? మీరు పంపిన సంవత్సరం చూశాను. అదే సెట్టు నా దగ్గర పెట్టె లేకుండా ఆరేళ్లుగా పడి ఉంది. ధ్రువపత్రం మీకే ఉంచుకోండి, దాని మీది సంఖ్య నా నాణేలది కాదు. పెట్టెకు మాత్రం మంచి ధర ఇస్తాను.